సోమరితనమా? రుగ్మతయా? – థైరాయిడ్ పరీక్షను గూర్చి కొన్ని మాటలు

"ఆరోగ్యమే మహాభాగ్యము" అను మాటను వ్యాసరచన పోటీలలో వ్రాయని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఆ మాటను దిద్ది మార్కులు వేసినవారము మేము. అయినను దాని అర్థము మాకు రెండు సంవత్సరముల క్రిందటనే, అదియును ఒక విద్యార్థిని మూలముననే, బోధపడినది. పాఠము చెప్పవలసినవారము పాఠము నేర్చుకొన్న ఆ ఉదంతమును ఈ వార్షిక సంచిక ద్వారా విద్యార్థినీ విద్యార్థుల ఎదుటను, కళాశాల పాలకవర్గము ఎదుటను ఉంచుట మా విధి యని భావించుచున్నాము.

ఆమె పేరు ఇచట అనవసరము. కోరుట్ల ప్రాంతము నుండి ప్రతిదినము బస్సులో వచ్చెడిది. తల్లి బీడీలు చుట్టును. తండ్రి గల్ఫ్ దేశమున కూలి చేయుచున్నాడు. డిగ్రీ మొదటి సంవత్సరమున ఛందస్సు పాఠము చెప్పునప్పుడు గణవిభజన చేయుటకు మొదట లేచు చేయి ఆమెదే. రెండవ సంవత్సరము వచ్చుసరికి ఆ చేయి లేచుట మానెను. మొదటి గంటకు ఆలస్యముగా వచ్చుట, రెండవ గంటకు బల్లపై తలవాల్చుట, అడిగిన ప్రశ్నకు చాలసేపటికి, అదియును బొంగురు గొంతుతో బదులిచ్చుట అలవాటయ్యెను. హాజరు తగ్గెను. మేమొకనాడు సహనము కోల్పోయి, "నిద్రపోవలెననుకొన్నవారు ఇంటివద్ద నిద్రపోవచ్చును; తరగతికి రానక్కరలేదు" అని అందరి ఎదుట మందలించితిమి. ఆమె మారుమాట పలుకలేదు. మరునాటి నుండి కళాశాలకు రాలేదు.

మూడు వారములు గడచిన పిమ్మట, జంతుశాస్త్ర శాఖలోని మా సహాధ్యాపకురాలొకరు ఊరకుండలేక వారి ఇంటికి వెళ్ళిరి. చాటలో తునికాకు ముందు పెట్టుకొని కూర్చున్న తల్లి చెప్పిన మాటలను ఆమె మాకు యథాతథముగా వినిపించిరి. "పిల్లకు పానం మంచిగ ఉంటలేదు మేడం. ఆర్.ఎం.పి. డాక్టరు రెండుసార్లు గ్లూకోజు బాటిల్ ఎక్కిచ్చిండు. దర్గాకాడ తాయెత్తు గూడ కట్టిచ్చినం. సదువు మీద మనసు లేదంటున్రు గద, ఇగ బంద్ చేపిచ్చి పెండ్లి చేద్దామనుకుంటున్నం." చదువు మీద మనసు లేదని అన్నది ఎవరో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

మా సహాధ్యాపకురాలు ఆ బాలిక ముఖమును చూచిరి. కనురెప్పలు ఉబ్బియున్నవి. చర్మము పొడిబారియున్నది. మే నెల ఎండలో సైతము పంకా వలదనుచున్నది. మెడ ముందు భాగమున కొద్దిపాటి వాపు కనబడుచున్నది. "ముందు ఒక్కసారి థైరాయిడ్ పరీక్ష చేయించండి. పెండ్లి మాట తరువాత" అని ఆమె చెప్పి వచ్చిరి. ఆ ఒక్కమాట ఒక జీవితమునకు దారి మార్చెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఇంటివారు ఒక ప్రయివేటు ల్యాబులో పరీక్ష చేయించిరి. ఆ నివేదికలోని సంఖ్యలు బాలిక దేహస్థితితో ఏమాత్రము పొసగలేదు. దానిని చూచిన వైద్యుడు కాగితమును నమ్మి పంపివేయక, "ఇంకేమైన మందులు వాడుచున్నావా?" అని అడిగెను. జుట్టు రాలుచున్నదని మందుల దుకాణములో కొని తినుచున్న బయోటిన్ మాత్రలను గూర్చి ఆమె అప్పుడు చెప్పెను. బయోటిన్ అధిక మోతాదులో వాడినచో కొన్ని పరీక్షా పద్ధతులలో థైరాయిడ్ ఫలితములు తారుమారగును. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ సైతము 2017లో ఈ విషయమై హెచ్చరిక చేసియున్నది. ఆ మాత్రలు మాన్పించి కొన్నిదినముల తరువాత మరల రక్తము తీయగా అసలు వ్యాధి బయటపడినది. థైరాయిడ్ గ్రంథి మందగించినది. ఆమె సోమరి కాదు, రోగి.

ఈ గ్రంథి యెట్టిదో, దాని పరీక్ష యెట్టిదో ప్రతి విద్యార్థియు ఎరిగియుండవలెను గనుక కొంచెము వివరింతుము. మెడ ముందు భాగమున సీతాకోకచిలుక ఆకారములో నుండు చిన్న గ్రంథి యిది. మనము ఉప్పు మొదలగు ఆహారముల ద్వారా పొందు అయోడిన్‌ను గ్రహించి టీ-4, టీ-3 అను రసములను తయారు చేయును. గుండె కొట్టుకొను వేగము, దేహపు వేడి, జీర్ణక్రియ, బుద్ధి చురుకుదనము, స్త్రీల ఋతుక్రమము ఇవన్నియు ఆ రసములపై ఆధారపడియున్నవి. మెదడు క్రింది భాగమునగల పిట్యూటరీ గ్రంథి దీనిపై అజమాయిషీ చేయుచు టి.ఎస్.హెచ్. అను రసమును పంపును. సిరిసిల్ల విద్యార్థులకు ఇది సులభముగా బోధపడగలదు. సాంచా నెమ్మదించినకొలది ఆసామి కేక పెరుగునుగదా! అట్లే థైరాయిడ్ మందగించినకొలది టి.ఎస్.హెచ్. పెరుగును. థైరాయిడ్ మితిమీరి పనిచేసినచో టి.ఎస్.హెచ్. అణగిపోవును. కావుననే వైద్యులు మొదట టి.ఎస్.హెచ్. పరీక్షను కోరుదురు.

మందగించినప్పుడు అలసట, నిద్రమత్తు, చలికి ఓర్వలేమి, బరువు పెరుగుట, మలబద్ధకము, జుట్టు రాలుట, నెలసరి తప్పుట లేక అధికమగుట, మనోవ్యాకులత కలుగును. మితిమీరినప్పుడు ఇందుకు విరుద్ధముగా గుండెదడ, చేతుల వణుకు, చెమట, తిండి తినుచున్నను సన్నబడుట, నిద్రలేమి కలుగును. కొందరికి కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చును. విచారకరమైన విషయమేమనగా, ఈ లక్షణములలో ప్రతిదానికిని మన సమాజమున ముందే ఒక పేరు సిద్ధముగానున్నది. బాలిక అలసినచో సోమరితనము. గృహిణి లావెక్కినచో తిండిపోతుతనము. కోడలికి సంతానము ఆలస్యమైనచో గొడ్రాలితనము. బీడీలు చుట్టు తల్లికి ఒళ్ళు బరువెక్కినచో, దినమెల్ల కూర్చుండు పనియందు అది సహజమే యనుకొందురు. రాత్రి షిఫ్టులో సాంచాలపై పనిచేయు యువకుడు చిక్కిపోయి గుండె దడదడలాడుచున్నదనినచో, టీ ఎక్కువ త్రాగుట వలననే యనుకొందురు. పేరు పెట్టుటకు మనము చూపు తొందరలో పదియవ వంతైన పరీక్ష చేయించుటకు చూపము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దిలోనే ఖ్వారజ్మ్ రాజాస్థాన వైద్యుడు ఇస్మాయీల్ జుర్జానీ, మెడవాపునకును కన్నులు పొడుచుకొని వచ్చుటకును గల సంబంధమును తన వైద్య గ్రంథమున గుర్తించెను. ఐరోపాలో ఆ విషయమును 1835లో డబ్లిన్ వైద్యుడు గ్రేవ్స్ వర్ణించెను. 1891లో ఇంగ్లండులో ముర్రే అను వైద్యుడు గొర్రె థైరాయిడ్ సారమును ఎక్కించి రోగిని స్వస్థపరచెను. 1914లో కెండల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు థైరాక్సిన్‌ను వేరుచేసెను. రక్తములోని అత్యల్ప పరిమాణపు రసములను కొలుచు పద్ధతిని బెర్సన్ అను సహచరునితో కలిసి కనుగొన్న రోసాలిన్ యాలో అను మహిళకు 1977లో నోబెల్ బహుమతి లభించెను. నేడు మనము కొలది గంటలలో అందుకొను కాగితపు నివేదిక వెనుక ఇంతటి పరిశ్రమ కలదు.

ఇందులో మన తెలుగువారి పాత్రయు సామాన్యము కాదు. శ్రీకాకుళమున 1921లో జన్మించి విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయ పాదముననున్న కాంగ్డా లోయలో గళగండ వ్యాధిపై పరిశోధన ఆరంభించెను. లోయను మూడు భాగములుగా విభజించి రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేసి చూడగా, కొన్ని సంవత్సరములలో అయోడిన్ ఉప్పు అందిన చోట్ల పిల్లల మెడవాపు గణనీయముగా తగ్గెను. మన దేశమున 1962లో గళగండ నివారణ జాతీయ కార్యక్రమము ఆరంభమగుటకు ఇట్టి కృషియే పునాది. అయోడిన్ లేని ఉప్పును ఆహారము నిమిత్తము అమ్మరాదను నియమము 2006 నుండి అమలులో నున్నది.

మరి ఉప్పులో అయోడిన్ కలియుచున్నప్పుడు ఈ రోగము ఇంకను ఏల కనబడుచున్నదని విద్యార్థులు అడుగవచ్చును. నేడు అధికముగా కనబడు కారణము వేరు. మన దేహరక్షణ శక్తియే పొరపాటున స్వంత థైరాయిడ్‌పై దాడి చేయుట. 1912లో జపాను వైద్యుడు హషిమోటో దీనిని వర్ణించెను. ఇది కుటుంబములలో వచ్చు స్వభావము గలది. స్త్రీలలో మరింత అధికము. హైదరాబాదుతో సహా దేశములోని ఎనిమిది నగరములలో 5,376 మంది వయోజనులను పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, నూటికి దాదాపు 11 మందిలో థైరాయిడ్ మందగించి యుండెను. వారిలో సుమారు మూడవ వంతు మందికి ఆ సంగతి అంతకు ముందు తెలియనే తెలియదు. నగరముననే ఇట్లున్నచో, సిరిసిల్ల, కోరుట్ల పల్లెలలో తెలియనివారి సంఖ్య తక్కువగా నుండునని నమ్ముటకు మాకు కారణము కనబడుటలేదు.

ఇంతమాత్రము చేత ప్రతివాడును పరుగెత్తి రక్తమిచ్చి రావలెనని మా అభిప్రాయము కాదు. నిర్లక్ష్యము ఒక దోషమైనచో తొందరపాటు మరియొక దోషము. నేడు "సంపూర్ణ దేహ పరీక్ష" అను పేరిట ప్యాకేజీలమ్ము ల్యాబులు పట్టణమునకు పది వెలసినవి. అందులో ఒక సంఖ్య ప్రక్కన నల్లని అక్షరము కనబడగానే మందుల దుకాణమునకు పోయి మాత్రలు కొనువారిని మేము ఎరుగుదుము. సరియైన నిర్ణయమునకు ఒక క్రమము కలదు. టి.ఎస్.హెచ్. సాధారణముగా లీటరుకు 0.4 నుండి 4 మిల్లీ యూనిట్ల వరకు ఉండును. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంత మారును. అది హెచ్చినను తగ్గినను, దానితో పాటు రక్తములో స్వేచ్ఛగా తిరుగు టీ-4ను చూడవలెను. టీ-4 సరిగానుండి టి.ఎస్.హెచ్. మాత్రమే కొద్దిగా పెరిగియున్నచో, సామాన్యముగా రెండు మూడు నెలల తరువాత మరల పరీక్షించి చూచుట మంచిది. జ్వరము మొదలగు ఇతర వ్యాధుల వలన తాత్కాలికముగా మారిన సంఖ్య చాలసార్లు తనంతట తాను సర్దుకొనును. దేహము తన గ్రంథిపై దాడి చేయుచున్నదా యని తెలుసుకొనుటకు యాంటీబాడీ పరీక్ష కలదు. మెడలో గడ్డ తగిలినచో అల్ట్రాసౌండు, అవసరమైనచో సూదితో తీయు పరీక్ష చేయుదురు. గర్భిణీ స్త్రీల విషయమున హద్దులు వేరు, ఆలస్యము పనికిరాదు. అనవసరముగా, లేక అధికముగా మాత్రలు వాడినచో గుండె లయ తప్పుట, ఎముకలు పలుచబడుట వంటి హాని కలుగును. కాగితము మీది సంఖ్యకు కాదు, మనిషికి వైద్యము చేయవలెను. మా విద్యార్థినిని కాపాడినది యంత్రము కాదు. యంత్రము చెప్పినదానిని ప్రశ్నించిన వైద్యుడు.

పరీక్షకు సొమ్ము లేదను మాటయు పూర్వము వలె అడ్డము కారాదు. ఒకప్పుడు ఇట్టి పరీక్షలకై కరీంనగరమునకో హైదరాబాదునకో పోవలసి వచ్చెడిది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రములైనవి. 2021 జూన్ నెలలో 19 జిల్లాలలో ఆరంభించిన ప్రభుత్వ రోగనిర్ధారణ కేంద్రములలో ఈ రెండును ఉన్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు వ్రాసి యిచ్చినచో నమూనా అచటనే తీసి జిల్లా కేంద్రమునకు పంపుదురు. ఉచితముగా చేయు పరీక్షలలో థైరాయిడ్ పరీక్షయు కలదు. 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. మందు సైతము ఖరీదైనది కాదు. దినమునకు ఒక చిన్న మాత్ర. దవాఖానా చేరువైనది. మన మనసే ఇంకను దూరముగానున్నది.

ఆ దూరమునకు మొదటి కారణము పెండ్లి భయము. "పిల్లకు థైరాయిడ్ ఉన్నదని తెలిసినచో సంబంధము తప్పిపోవును" అని రోగమును, మాత్రలను గూడ దాచు తల్లిదండ్రులున్నారు. అత్తవారింట మాత్ర మ్రింగుట ఎవరైన చూతురేమోయని నూతన వధువు మందు మానివేయును, గర్భవతి యగును, అప్పుడు తల్లికిని బిడ్డకును ముప్పు. నిజమునకు సరియైన వైద్యము పొందుచున్న స్త్రీ ఇతరులవలె సంసారము చేయగలదు, సంతానమును పొందగలదు. దాచవలసినది రోగము కాదు, విడువవలసినది దాచు అలవాటు. పుట్టుకతోనే థైరాయిడ్ లోపముగల శిశువులు సుమారు వేయి కాన్పులకు ఒకరుందురు. పుట్టిన కొలదిదినములలో మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో దానిని కనిపెట్టి, రెండు వారములలోపల మందు మొదలిడినచో బిడ్డ బుద్ధి నిలుచును. ఆలస్యమైనచో ఆ నష్టము తీరనిది. రేపటి తల్లిదండ్రులైన మన విద్యార్థులు ఈ ఒక్క వాక్యమునైన గుర్తుంచుకొందురుగాక.

రంజాన్ మాసమును గూర్చియు ఒకమాట. ఈ మాత్రను ఖాళీ కడుపుతో, ఆహారమునకు అరగంట నుండి గంట ముందు వేసుకొనవలెను. టీ, పాలు, ఇనుము, కాల్షియము మాత్రలతో కలిపి వేసుకొన్నచో సరిగా ఒంటబట్టదు. ఉపవాస దినములలో ఏమి చేయవలెనో తెలియక నెల యంతయు మానివేయువారు కలరు. అట్లు మానవలసిన పనిలేదు. సహరీకి తగినంత ముందుగా లేచి వేసుకొనుటయో, రాత్రి భోజనమైన మూడు గంటలకు నిద్రించుటకు ముందు వేసుకొనుటయో వైద్యుని అడిగి నిర్ణయించుకొనవచ్చును. ఉపవాసమునకును వైద్యమునకును వైరము లేదు.

ఇక కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము. హాజరు తగ్గిన విద్యార్థికి నోటీసు పంపుటకు ముందు, అధ్యాపకుడో అధ్యాపకురాలో ఆ విద్యార్థితో ఏకాంతముగా ఒకసారి మాట్లాడవలెనను నియమము చేయవలెను. ప్రతి సంవత్సరము ఒక దినమున ప్రభుత్వ వైద్యులను ఆహ్వానించి, లక్షణములున్నవారిని, మెడవాపు గలవారిని, కుటుంబమున ఈ వ్యాధి గలవారిని చూపించవలెను. ప్యాకేజీలమ్ము సంస్థలను ఆవరణలోనికి రానీయరాదు. ఫలితము విద్యార్థికిని వైద్యునికిని తప్ప ఇతరులకు తెలియరాదు. మన విద్యార్థులే ఉర్దూలోను తెలుగులోను ఒక చిన్న కరపత్రము తయారుచేసి బీడీ కార్ఖానాల వద్దను, సాంచాల వాడలలోను పంచవలెను. రెండు భాషల కళాశాలకు ఇంతకన్న తగిన పని మరియొకటి ఏమి కలదు?

"ఇది కళాశాలయా, దవాఖానాయా?" అని పెద్దలు కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. రోగనిర్ణయము మా పని కాదు, కారాదు. కాని తీర్పు చెప్పుట మాత్రము మేము దినదినము చేయుచున్న పనియే. శ్రద్ధలేదనియు, సోమరియనియు, చదువునకు పనికిరాదనియు పరీక్ష లేకయే నిర్ణయించుచున్నాము. ఆ తీర్పు ఇంటికి చేరి పెండ్లి ముహూర్తముగా మారుచున్నది. రోగనిర్ణయము చేయలేని మేము, ఆ తీర్పునైన కొంత ఆపుకొనగలము గదా!

ఆ విద్యార్థిని తిరిగి వచ్చినది. మాత్రలు మొదలిడిన మూడు నెలలకు ముఖమున కళ వచ్చెను. ప్రథమ శ్రేణి రాలేదు. కాని పరీక్షలన్నియు ఉత్తీర్ణురాలయ్యెను. పెండ్లి మాట ప్రస్తుతమునకు ఆగినది. ఒకనాడు మేమామెను పిలిచి, ఆనాటి మందలింపునకు విచారము వెలిబుచ్చితిమి. ఆమె తలవంచుకొని, "మీకు తెల్వదు గద సార్. నాకు గూడ తెల్వదు. నేను గూడ నన్ను సోమరిదాన్నే అనుకున్న" అనెను.

ఇతరులు పెట్టిన పేరును తానే నమ్మి, ఒక బాలిక సంవత్సరకాలము తన్ను తాను నిందించుకొనెను. ఈ సంచికను చదువుచున్న మీలో అట్టివారెవరైన ఉన్నచో, ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళి వైద్యునికి చెప్పుకొనుడు. మిమ్ము మీరు నిందించుకొనుటకు తరువాత కావలసినంత కాలమున్నది. బహుశః అప్పుడు ఆ అవసరమే ఉండకపోవచ్చును.